బూర్గుల రామకృష్ణారావు

హైదరాబాదునుండి బొంబాయికి పోవు పెద్దబాటలో సంగారెడ్డి, సదాశివపేటలు దాటిన పిమ్మట జహీరాబాదు పట్టణము వచ్చును. అచ్చటి అంగడిలో కొంతసేపు నిలిచి చెవియొగ్గినచో తెలుగు, కన్నడము, ఉర్దూ, మరాఠీ భాషలు నాలుగును వినవచ్చును. చెరకు పండించు రైతు ఒక భాషలో బేరమాడును. వర్తకుడు వేరొక భాషలో బదులు చెప్పును. ఇరువురకును అర్థమగుటలో లోటుండదు. సమీపమునందలి ఝరాసంగములో కేతకీ సంగమేశ్వరుని సేవింపవచ్చు భక్తులలో కన్నడ దేశమువారును అనేకులు కలరు.

1956 అక్టోబరు 31వ తేదీవరకు ఈ తాలూకా బీదరు జిల్లాలోనిది. మరునాటినుండి అది మెదకు జిల్లాలో చేరెను. తాలూకాలోని నిర్ణా సర్కిలు మాత్రము విడదీయబడి బీదరుతోపాటు మైసూరు రాష్ట్రమునకు పోయెను. ఇంటిని కదల్పకయే, పొలమును మార్పకయే జహీరాబాదు ప్రజలు ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు మారిరి. ఆనాడు మారినది ఒక్క తాలూకాయే కాదు. హైదరాబాదు రాష్ట్రమే మూడు భాగములై దేశపటమునుండి అదృశ్యమయ్యెను. ఆ రాష్ట్రమునకు ప్రజలెన్నుకొనిన శాసనసభ ద్వారా ఏర్పడిన మొదటి ముఖ్యమంత్రియు, కడపటి ముఖ్యమంత్రియు ఒక్కరే. వారే బూర్గుల రామకృష్ణారావుగారు.

తాను పాలించుచున్న రాష్ట్రము అంతరించుటకు సంబంధించిన ఒడంబడికపై తానే చేవ్రాలు చేయవలసివచ్చిన నాయకులు లోకమున అరుదు. వారి జీవితమును తెలిసికొనుటకు మొదట వారు పుట్టిన కాలమును తెలిసికొనవలెను.

రామకృష్ణారావుగారు 1899 మార్చి 13వ తేదీన కల్వకుర్తికి సమీపముననున్న పడకల్లు గ్రామమున జన్మించిరి. తండ్రి నరసింగరావుగారు, తల్లి రంగనాయకమ్మగారు. ఆ వంశమువారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. షాద్‌నగరు చెంతనున్న బూర్గుల వారి స్వగ్రామమగుటచే ఊరిపేరే ఇంటిపేరుగా స్థిరపడెను.

ఆ కాలమున హైదరాబాదు సంస్థానమును నిజాము ప్రభువు ఏలుచుండెను. సంస్థాన ప్రజలలో తెలుగు మాటలాడువారే మిక్కిలి ఎక్కువ. మరాఠీ, కన్నడము మాటలాడు జిల్లాలును కలవు. అయినను కచేరీలయందును, న్యాయస్థానములయందును నడచునది ఉర్దూ. పన్ను కట్టిన రైతునకు ఇచ్చు రసీదు మొదలు న్యాయస్థానపు తీర్పువరకు అన్నియు ఉర్దూలోనే యుండెడివి. తన పొలమునుగూర్చి వ్రాసిన కాగితమును తాను చదువుకొనలేక రైతు ఇతరులను ఆశ్రయించెడివాడు. చదివి చెప్పువాడు చెప్పినదే సత్యము. ఇట్టి స్థితిలో ఒక తెలుగు బాలుడు పెద్ద చదువు చదువవలెనన్నచో రెండే మార్గములు: ఉర్దూలో ప్రవీణుడగుట, లేదా సంస్థానమును విడిచి పరదేశమునకు పోవుట. రామకృష్ణారావుగారు రెండును చేసిరి.

హైదరాబాదులోని ధర్మవంత పాఠశాలలోను, ఎక్సెల్సియరు పాఠశాలలోను ప్రాథమికోన్నత విద్యలు ముగించి వారు పూనా నగరమునకు పోయి ఫెర్గూసన్ కళాశాలలో చేరిరి. ఆ కళాశాలను స్థాపించిన సంఘమునకు మూలపురుషులలో లోకమాన్య తిలకుగారొకరు. సంస్థానమునుండి వచ్చిన యువకునకు పూనా ఒక క్రొత్త లోకము. సభ పెట్టుకొనుటకు ఎవరి అనుమతియు వేడనక్కరలేని చోటును, పత్రికలు దొరతనమును విమర్శించు చోటును వారు అచ్చట చూచిరి. పట్టము పొందిన పిమ్మట బొంబాయి విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివి 1923లో ఉత్తీర్ణులైరి. మరుసటి సంవత్సరము హైదరాబాదునకు వచ్చి న్యాయవాదవృత్తిని అవలంబించిరి.

ఈలోపల వారికి అబ్బిన భాషలను లెక్కించినచో ఆశ్చర్యము కలుగును. తెలుగు మాతృభాష. సంస్కృతమున కావ్యపరిచయము గట్టిది. ఉర్దూ, పారశీకములు చదువుతోను వృత్తితోను వచ్చినవి. పూనా మరాఠీని ఇచ్చెను. కన్నడము, ఆంగ్లము చెప్పనేల! భాషలు నేర్చుట కొందరికి అలంకారము. వీరికట్లు కాదు. హైదరాబాదు వంటి రాష్ట్రమున మూడు ప్రాంతముల ప్రజలతో వారివారి నుడికారమున మాటలాడగలవాడు మధ్యవర్తి లేకయే వారి కష్టమును వినగలడు. వీరు ముఖ్యమంత్రి యగుటకు ఇది యొక కారణమని నేను తలంతును.

1921 నవంబరులో హైదరాబాదు నగరమందలి వివేకవర్ధని ప్రాంగణమున ఒక సంఘసంస్కార సభ జరిగెను. మహర్షి కార్వేగారు అధ్యక్షులు. వక్తలు ఆంగ్లము, ఉర్దూ, మరాఠీలలో ప్రసంగించిరి. అల్లంపల్లి వేంకటరామారావుగారను న్యాయవాది లేచి తెలుగున మాటలాడ మొదలిడగనే సభలోని కొందరు చప్పట్లు చరచి, గేలిచేసి ఆయనను కూర్చుండబెట్టిరి. తెలుగువారు అధికసంఖ్యాకులుగనున్న సంస్థానపు రాజధానిలో తెలుగునకు దక్కిన మర్యాద ఇది! ఆ అవమానముతో కొందరు తెలుగు యువకులు ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి ఇంట సమావేశమై ఆంధ్రజన సంఘమునకు అంకురార్పణ చేసిరి. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణమువంటివారు. ఆ సంఘమునకు తొలినాళ్ళనుండి అండగా నిలిచిన యువకులలో రామకృష్ణారావుగారును ఉండిరి.

సంఘము చేసిన పనులు నేటివారికి చిన్నవిగా తోచవచ్చును. ఊరూర గ్రంథాలయములు పెట్టుట, తెలుగు బడులు నడపుట, శాసనములను సేకరించుట, వెట్టిచాకిరిని నిరసించుచు చిన్న చిన్న పుస్తకములు ప్రచురించుట: ఇవియే ఆ పనులు. కాని ఆ రోజులలో గ్రంథాలయము పెట్టుటయు సాహసమే. సభ జరుపవలెనన్నచో ప్రభుత్వముయొక్క ముందనుమతి కావలెను. గస్తీ నిషాన్ 53 అను పేరుగల ఉత్తర్వొకటి సభలకు సంకెలగా నుండెను. సభలో రాజకీయము మాటలాడరాదు. అధ్యక్షుడెవరో ముందుగా తెలుపవలెను. ఈ చిక్కులను దాటి 1930లో మొదటి ఆంధ్రమహాసభ మెదకు మండలములోని జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జరిగెను. 1931లో దేవరకొండలో జరిగిన రెండవ సభకు బూర్గుల రామకృష్ణారావుగారు అధ్యక్షత వహించిరి. అప్పటికి వారి వయస్సు ముప్పదిరెండు సంవత్సరములు మాత్రమే. దేవరకొండలో ఆంధ్ర మహిళా సభయు జరిగినది.

న్యాయవాదిగా రామకృష్ణారావుగారు శీఘ్రకాలములోనే పేరు గడించిరి. ఉర్దూలో వాదించుటయందు వారిని మించినవారు అరుదని ప్రతీతి. తరువాతి కాలమున భారత ప్రధానమంత్రియైన పాములపర్తి వేంకట నరసింహారావుగారు యౌవనమున వారియొద్ద జూనియరుగా వృత్తి నేర్చినవారే. గురుశిష్యు లిరువురును బహుభాషావేత్తలే యగుట ముచ్చటైన విషయము.

1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును స్థాపింప యత్నము జరిగెను. బిడ్డ పుట్టకమునుపే నిజాము ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆ నిషేధము 1946వరకు తొలగలేదు. రామకృష్ణారావుగారు మితవాదులు. ఉద్రేకపు మాటలు వారి స్వభావమునకు సరిపడవు. ప్రభుత్వముతో చర్చలు జరిపి, వినతులు సమర్పించి, సంస్కరణలు సాధింపవలెనని తొలినాళ్ళలో వారి నమ్మకము. ఆ నమ్మకమును నిలుపుకొనుటకు ప్రభుత్వము వారికి అవకాశ మీయలేదు. 1942లో క్విట్టిండియా ఉద్యమసమయమునను, 1947లో సంస్థానమును భారతయూనియనులో చేర్పవలెనను సత్యాగ్రహమునను వారు కారాగారవాసము చేసిరి.

1948 సెప్టెంబరులో భారతసైన్యములు హైదరాబాదులో ప్రవేశించినవి. నిజాము పాలన ముగిసెను. కొంతకాలము సైనికాధికారి పాలనము, తరువాత కేంద్రముచే నియమింపబడిన వెల్లోడిగారి పాలనము జరిగినవి. 1950లో వెల్లోడి మంత్రివర్గమున రామకృష్ణారావుగారు రెవెన్యూ, విద్యాశాఖల మంత్రిగా చేరిరి. వారి జీవితమున మిక్కిలి ప్రధానమైన పని, నా దృష్టిలో, ఈ కాలమునందే జరిగినది.

ఆనాటి తెలంగాణములో భూమి ఒక మండుచున్న సమస్య. వేలకొలది ఎకరములు దేశముఖుల చేతిలోనుండెను. దున్నువానికి భూమిపై ఏ హక్కును లేదు. తండ్రి దున్నిన పొలమును కొడుకును దున్నును, మనుమడును దున్నును. కాని దొరకు కోపము వచ్చినచో ఒక్కనాటిలో నాగలి విప్పి వెడలిపోవలెను. కులవృత్తులవారు కూలి లేకయే వెట్టి చేయవలెను. ఈ అన్యాయముపై కమ్యూనిస్టుల నాయకత్వమున రైతులు ఆయుధములు పట్టిరి. నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో ఎన్నియో ప్రాణములు పోయినవి. ఆ పోరాటము 1951వరకు సాగెను.

ప్రభుత్వము సైన్యమును పంపి పోరాటమును అణచుచుండగా రెవెన్యూ మంత్రి చేయవలసినది ఏమి? పోలీసుల బలముచేత పల్లెలలో నిశ్శబ్దము కలుగవచ్చును గాని న్యాయము కలుగదు. రామకృష్ణారావుగారికి ఈ సంగతి తెలియును. న్యాయవాదిగా వారు చూచిన భూవివాదములు కొన్ని కావు. 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము వచ్చెను. కొన్ని సంవత్సరములుగా ఒకే భూమిని సాగుచేయుచున్న కౌలుదారునకు ఆ చట్టము రక్షిత కౌలుదారు అను హోదా నిచ్చెను. వాని పేరు సర్కారు పుస్తకములలో ఎక్కవలెను. భూస్వామి తన ఇష్టము వచ్చినట్లు వానిని వెడలగొట్టరాదు. కౌలునకు మితి యుండవలెను. భూస్వామి ఆ భూమిని అమ్మదలచినచో మొదట కౌలుదారునకే అడిగే హక్కు. అంతవరకు కాగితముపై ఉనికియే లేని రైతునకు కాగితముపై పేరు వచ్చెను. ఇది చిన్న సంగతి కాదు. వారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు 1954లో ఆ చట్టమును సవరించిరి.

అయితే చట్టము వచ్చినంతమాత్రమున పని ముగియదు. చట్టమును అమలుపరుపవలసిన పట్వారీ పలుచోట్ల దొర మనిషియే. రక్షిత కౌలుదారుగా పేరెక్కకమునుపే వెడలగొట్టబడినవారును, తామే హక్కులు వదులుకొన్నట్లు వ్రాసి యిచ్చినవారును అనేకులు కలరు. ఆ వ్రాతలు ఎట్లు వ్రాయబడినవో ఊహించుకొనవచ్చును. అయినను తరువాతి కాలమున భూమిని దున్నువానికి చెందించుటకు తెలంగాణములో జరిగిన ప్రయత్నములకు ఈ చట్టమే పునాదియయ్యెను. ఈ సందర్భముననే 1951 ఏప్రిల్ 18వ తేదీన నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబాభావేగారి యెదుట వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరముల భూమిని దానమొసగిరి. భూదానోద్యమము అచ్చటనే పుట్టెను.

1952లో సార్వత్రికమైన వోటుహక్కుతో మొదటి ఎన్నికలు జరిగినవి. హైదరాబాదు శాసనసభలో 175 స్థానములు. కాంగ్రెసునకు 93 స్థానములు లభించెను. నిషేధమునందున్న కమ్యూనిస్టులు ప్రజాస్వామ్య ఐక్య సంఘటన పేరిట నిలిచి 42 స్థానములు గెలిచిరి. షాద్‌నగరునుండి ఎన్నికయైన రామకృష్ణారావుగారు 1952 మార్చి 6వ తేదీన ముఖ్యమంత్రి పదవిని స్వీకరించిరి. రాజప్రముఖుడుగా పైనున్నవాడు మరెవరో కాదు, వెనుకటి నిజాము ప్రభువే! ఐదు సంవత్సరములకు ముందు తనను చెరసాలలో పెట్టిన ప్రభువు పేరిటనే ఇప్పుడు ఉత్తర్వులు వెడలింపవలసివచ్చెను. చరిత్ర ఇట్టి వింతలు చేయుచుండును.

మంత్రివర్గమునందు తెలుగువారు, మరాఠీవారు, కన్నడిగులు, ఉర్దూ మాటలాడువారు నుండిరి. పార్టీలో స్వామి రామానందతీర్థగారి పక్షము వేరు, ముఖ్యమంత్రి పక్షము వేరు. ఈ రెండింటిని సమాధానపరచుచు కాలము గడపుట సుఖమైన పని కాదు.

పదవిలోనికి వచ్చిన ఆరు మాసములకే ఒక పెద్ద పరీక్ష ఎదురయ్యెను. పోలీసుచర్య తరువాత బయటి రాష్ట్రములనుండి ఉద్యోగులు అనేకులు హైదరాబాదునకు వచ్చిరి. స్థానికులకు దక్కవలసిన ఉద్యోగములు వారికి పోవుచున్నవని విద్యార్థులు ఆందోళనకు దిగిరి. స్థానికుని ముల్కీ యందురు. ముల్కీ హక్కులను కాపాడవలెనని ఊరేగింపులు జరిగినవి. 1952 సెప్టెంబరు మొదటి వారమున హైదరాబాదు సిటీ కళాశాల ప్రాంతమున పోలీసులు కాల్పులు జరిపిరి. కొందరు ప్రాణములు కోల్పోయిరి. మీ వయస్సుకంటె కొంచెము పెద్దవారైన విద్యార్థులే ఆ ఊరేగింపుల ముందునుండిరి. న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిగారిచే విచారణ జరిపించిరి. ముల్కీ సమస్యను పరిశీలించుటకు ప్రభుత్వము ఉపసంఘమును నియమించెను. అయినను ఆ మచ్చ రామకృష్ణారావుగారి పాలనపై నిలిచిపోయెను. పూర్వము సభకు అనుమతి దొరకక కష్టపడినవారి పాలనలోనే ఊరేగింపుపై తుపాకి పేలుట జరిగినది. జీవితచరిత్ర వ్రాయువాడు దీనిని దాటిపోరాదు.

ఇంతలో తెలుగుదేశపు మరియొక భాగమున గొప్ప మార్పు వచ్చెను. పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణముతో 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. భాషనుబట్టి రాష్ట్రములను విభజింపవలెనను కోరిక దేశమంతట వ్యాపించెను. కేంద్రము ఫజల్ అలీగారి అధ్యక్షతను రాష్ట్ర పునర్విభజన సంఘమును నియమించెను. 1955 సెప్టెంబరు 30వ తేదీన ఆ సంఘము తన నివేదికను సమర్పించెను. హైదరాబాదు రాష్ట్రమును ఉంచనక్కరలేదని సంఘము చెప్పెను. మరాఠీ జిల్లాలు బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరునకు పోవలెను. మరి తెలుగు జిల్లాలు? వానిని వెంటనే ఆంధ్రలో కలుపక హైదరాబాదు రాష్ట్రముగనే ఉంచి, 1961 ప్రాంతపు ఎన్నికల పిమ్మట శాసనసభలో మూడింట రెండువంతులవారు కోరినచో అప్పుడు కలుపవలెనని సంఘము సూచించెను.

ఆ సూచన ముఖ్యమంత్రికి అనుకూలమైనదే. తొమ్మిది తెలుగు జిల్లాల రాష్ట్రము నిలిచినచో వారి పదవియు నిలుచును. కొండా వేంకటరంగారెడ్డిగారు, మర్రి చెన్నారెడ్డిగారు ప్రత్యేకముగా ఉండుటయే మేలని వాదించిరి. తెలంగాణము విద్యలో వెనుకబడి యుండెను. ఆంగ్లవిద్యలో ముందున్న కోస్తావారు వచ్చి ఉద్యోగములను, భూములను ఆక్రమింతురని భయము పల్లెపల్లెన కలదు. ఆ భయము నిరాధారము కాదు. కమ్యూనిస్టులు, మరికొందరు కాంగ్రెసువారు విశాలాంధ్రము కావలెననిరి. మూడేండ్ల క్రిందటి ముల్కీ ఆందోళనను కన్నులార చూచిన ముఖ్యమంత్రి తెలంగాణ ప్రజల భయసందేహములను కాంగ్రెసు అధ్యక్షుడగు ధేబరుగారికి తెలియజేసిరి.

1955 చివర హైదరాబాదు శాసనసభలో ఈ విషయము చర్చకు వచ్చెను. మాటలాడినవారిలో అధికసంఖ్యాకులు విశాలాంధ్రమును బలపరచిరి. తుదకు ముఖ్యమంత్రియు ఆ వైపునకే మొగ్గిరి. అధిష్ఠానముయొక్క ఒత్తిడికి లొంగిరని కొందరందురు. శాసనసభ అభిప్రాయమును మన్నించిరని కొందరందురు. పూర్వము తెలుగు మాటకు జరిగిన అవమానమునుండి పుట్టిన ఉద్యమములో పెరిగినవారికి తెలుగువారందరు ఒక్కటగుట ఇష్టము కాకపోవునా అని మరికొందరి ప్రశ్న. ఈ మూడింటిలోను నిజముండవచ్చును. ఆ సంవత్సరము డిసెంబరు 10వ తేదీననే నందికొండయొద్ద నాగార్జునసాగరమునకు ప్రధాని నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. ఆ ఆనకట్ట ఆంధ్ర, హైదరాబాదు రాష్ట్రములు రెండును కలిసి తలపెట్టినది. కృష్ణకు ఆవలి యొడ్డు ఒక రాష్ట్రము, ఈవలి యొడ్డు మరియొక రాష్ట్రము. నీరు మాత్రము ఒక్కటే.

1956 ఫిబ్రవరి 20వ తేదీన ఢిల్లీలో ఉభయప్రాంతముల నాయకులు ఎనిమిదిమంది ఒక ఒడంబడిక చేసికొనిరి. దానికి పెద్దమనుషుల ఒప్పందమని పేరు. ఆంధ్రపక్షమున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజుగార్లు. తెలంగాణపక్షమున బూర్గుల రామకృష్ణారావు, కొండా వేంకటరంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నరసింగరావుగార్లు సంతకములు చేసిరి. తెలంగాణమునందు మిగిలిన ఆదాయమును తెలంగాణముకొరకే వినియోగింపవలెను. పండ్రెండేండ్లు నివసించినవారినే ఉద్యోగములకు స్థానికులుగా పరిగణింపవలెను. ప్రాంతీయ మండలి ఉండవలెను. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెను. న్యాయవాదులు వ్రాసిన పత్రమగుటచే షరతులు స్పష్టముగనే కలవు. కాని దానికి న్యాయస్థానపు బలము లేదు. పెద్దమనుషుల మాటయే దానికి హామీ.

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించెను. ఔరంగాబాదు మొదలగు మరాఠీ జిల్లాలు ఐదును బొంబాయి రాష్ట్రమునకు పోయినవి. గుల్బర్గా, రాయచూరు, బీదరు జిల్లాలు మైసూరునకు పోయినవి. వానిలోని తెలుగు ప్రదేశములు, అనగా ఆలంపురము, గద్వాల, కొడంగల్లు, తాండూరు, నారాయణఖేడు, జహీరాబాదు తాలూకాలు, తెలుగు రాష్ట్రమున మిగిలినవి. సరిహద్దు గీచినవారు తాలూకాను, సర్కిలును చూచిరి గాని ఇంటింటి భాషను చూచుట ఎవరికిని సాధ్యము కాదు. అందుచేతనే జహీరాబాదు అంగడిలో ఇప్పటికిని నాలుగు భాషలు వినబడుచున్నవి. 2016లో మెదకు జిల్లా విడిపోగా జహీరాబాదు సంగారెడ్డి జిల్లాలో చేరినది.

క్రొత్త రాష్ట్రమునకు ముఖ్యమంత్రి ఎవరు? పోటీ గోపాలరెడ్డి, సంజీవరెడ్డిగార్ల నడుమ జరిగెను. రాజధాని హైదరాబాదే యైనను హైదరాబాదు ముఖ్యమంత్రి ఆ పోటీలో లేరు. సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి. ఒప్పందములో వ్రాసికొనిన ఉపముఖ్యమంత్రి పదవి ఆ తొలి మంత్రివర్గమున లేకపోయెను. రామకృష్ణారావుగారు ఆ నవంబరు మాసముననే కేరళ రాష్ట్రమునకు గవర్నరుగా వెళ్ళిరి.

కేరళములో విధి వారికొరకు ఒక విచిత్రమును దాచియుంచెను. 1957 ఎన్నికలలో అచ్చట కమ్యూనిస్టులు గెలిచిరి. హైదరాబాదులో కమ్యూనిస్టులను ఎదిరించి పాలించిన రామకృష్ణారావుగారే 1957 ఏప్రిల్ 5వ తేదీన ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్‌గారిచే ముఖ్యమంత్రిగా ప్రమాణము చేయించిరి. వారము తిరుగకమునుపే ఆ మంత్రివర్గము కౌలుదారులను భూములనుండి వెడలగొట్టుటను నిలుపు ఆర్డినెన్సును సిద్ధపరచెను. ఆర్డినెన్సు వెలువడవలెనన్నచో గవర్నరు సంతకము కావలెను. తెలంగాణములో కౌలుదారుని రక్షణకు చట్టము తెచ్చినవారికి ఆ సంతకము చేయుట కష్టమై యుండదు.

కాని విద్యాబిల్లు విషయమున వారు వేరుగా నడచుకొనిరి. ప్రైవేటు పాఠశాలలపై ప్రభుత్వమునకు అధికారము నిచ్చు ఆ బిల్లును తామే ఆమోదింపక రాష్ట్రపతి పరిశీలనకు పంపిరి. రాష్ట్రపతి దానిపై సుప్రీంకోర్టు అభిప్రాయము నడిగిరి. 1958లో న్యాయస్థాన మిచ్చిన అభిప్రాయము అల్పసంఖ్యాకుల విద్యాసంస్థల హక్కులనుగూర్చి నేటికిని ప్రమాణముగా పేర్కొనబడుచున్నది. 1959లో ఆ మంత్రివర్గమునకు వ్యతిరేకముగా కేరళమందంతట తీవ్రమైన ఆందోళనము లేచెను. గవర్నరు నివేదిక ఢిల్లీకి పోయెను. 1959 జూలై 31వ తేదీన రాష్ట్రపతి ఆ మంత్రివర్గమును తొలగించిరి. శాసనసభలో బలమున్న ప్రభుత్వమును అట్లు తొలగించుట ధర్మమా కాదా యను వాదము ఆనాడు పుట్టి యిప్పటికిని తెగలేదు. ఆ నివేదికపై సంతకము రామకృష్ణారావుగారిది. కావున ఆ వాదమున వారి పేరును వచ్చుచుండును.

1960 జూలైలో వారు ఉత్తరప్రదేశమునకు గవర్నరుగా మారి, 1962 ఏప్రిల్ వరకు లక్నో నగరమున నుండిరి. ఉర్దూ కవిత్వమునకు పుట్టినిల్లువంటి ఆ నగరమున పారశీకము, ఉర్దూ చదివిన తెలుగు గవర్నరునకు పరాయితనము తోచి యుండదు. పిదప రాజ్యసభలో 1966వరకు సభ్యులుగా నుండిరి.

ఇన్ని పదవుల నడుమ వారు కలమును విడువలేదు. జగన్నాథ పండితరాయల లహరులను పండితరాజ పంచామృతమను పేర తెలుగు పద్యములుగా రచించిరి. జగన్నాథుడు తెలుగుగడ్డనుండి పోయి షాజహాను కొలువున మెలగిన సంస్కృతకవి. పారశీకపు కొలువున సంస్కృతము వ్రాసిన తెలుగువాని గ్రంథమును, ఉర్దూ కొలువున వాదించిన తెలుగువాడు అనువదించుట సహజముగనే యున్నది. పారశీక వాఙ్మయ చరిత్రమును తెలుగువారికి తెలియజేయుచు వారొక గ్రంథమును వ్రాసిరి. సాహిత్య వ్యాసములు సారస్వత వ్యాస ముక్తావళి యను పేర వెలువడినవి. హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయముతో వారికి చిరకాల సంబంధము కలదు.

రామకృష్ణారావుగారు 1967 సెప్టెంబరులో పరమపదించిరి. పెద్దమనుషుల ఒప్పందము నెరవేరలేదని తెలంగాణమున ఆందోళన చెలరేగుట రెండేండ్ల తరువాత, 1969లో. దానిని వారు చూడలేదు. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణము ప్రత్యేక రాష్ట్రమయ్యెను. హైదరాబాదు నగరమున సచివాలయమునకు చేరువగా వారి పేర ఒక ప్రభుత్వ భవనము కలదు. పాత సచివాలయమును తీసివేసి క్రొత్తది కట్టుచున్న కాలమున, 2019 మొదలు 2023 వరకు, తెలంగాణ రాష్ట్రపు సచివాలయ కార్యములు ఆ భవనమునందే జరిగినవి.